చైనా చరిత్రకారుడికి పాతర రొట్టె

బి.ఏ. పాసయ్యానన్న సంగతి మా ఊళ్లో అందరికీ చెప్పుకోవడం ఇంకా పూర్తి కాలేదు, అప్పుడే ఇంకో వార్త వచ్చి పడింది. కర్నూలు కాలేజీలో నాకు చరిత్ర చెప్పిన మేష్టారు కార్డు రాశారు. ఇంగ్లండు నుంచి ఒక ప్రొఫెసరు వచ్చారట. జీవితమంతా చైనా చరిత్ర రాసినాయన. వారం రోజులు మన పల్లెలు తిరిగి, కడపలో ఉపన్యాసం ఇచ్చి, మద్రాసు వెళ్తారట. దుబాసీగా ఎవరైనా కావాలట. "నువ్వు పరీక్షకు చదివిన చైనా పుస్తకం ఆయనదే. వెంటనే బయల్దేరు" అని చివర రాశారు.

ఎద్దుల కొట్టం దగ్గర నిలబడి చదివి ఒక కేక వేశాను. తేలు కుట్టిందేమోనని మా అమ్మ పరుగెత్తుకొచ్చింది. పుస్తకాలు రాసినవాళ్లు బతికి తిరుగుతూ ఉంటారని నాకు అంతవరకూ తోచలేదు మరి! మా వంశంలో అచ్చుకెక్కిన మొదటివాణ్ని నేను. అదీ పేరు కాదు, ఫలితాల కాగితంలో నెంబరు.

"చైనా దొరకి మనూర్లతో ఏం పని?" అన్నాడు మా నాయన.

"ఆయన చైనా దొర కాదు నాయనా. ఇంగ్లీషు దొర. చైనా గురించి రాసినాడు."

"ఇంగ్లీషు దొర చైనా గురించి రాస్తే నువ్వు కర్నూల్లో చదివితివి. బాగుండాది. పో, పొయ్యి రా."

జూన్ నెల మొదట్లో బయల్దేరాను. తొలకరి ఇంకా పడలేదు. కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి ఆ ఊళ్లో బస దొరకడం గగనమైపోయింది. మైదానాల్లో గుడారాలు, గుడారాల్లో ఆఫీసులు, ఇంటి అరుగు మీద చాప పరుచుకోవడానికి కూడా అద్దె. చుట్టాలుంటేనే అక్కడ రాత్రి గడపండి, లేకపోతే పగటి బస్సుకే వచ్చి పగటి బస్సుకే పోండి. నేను మేష్టారి వరండాలో పడుకున్నాను. ప్రొఫెసరు గారికి ప్రయాణికుల బంగళాలో ఒక గది ఇచ్చారు.

మరునాడు పొద్దున బంగళా ముందు ఆయన్ని మొదటిసారి చూశాను. అరవై దాటిన మనిషి, పొడుగు, ఎండకు మెడ ఇటుక రంగుకు తిరిగింది. మోకాళ్ల దాకా నిక్కరు, కాళ్లకు మన చెప్పులు. పేరు అచ్చులో వేయొద్దన్నారు గనక వేయడం లేదు. నా సంతోషం పట్టలేక, నమస్కారమైనా సరిగ్గా పెట్టకుండా, "సార్, మీ పుస్తకంలో వాక్యం ఒకటి నాకు నోటికి వచ్చు" అని గడగడా అప్పజెప్పేశాను. ఎండు భూముల రైతు రేపటికి దాచడు, అతనికీ కరువుకూ మధ్య నిలిచేది ప్రభుత్వం వారి ధాన్యపు కొట్టు ఒక్కటే, అని దాని భావం.

పొంగిపోతారనుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆ వాక్యమే నన్ను ప్రొఫెసర్ని చేసింది" అన్నారు. "ముప్పై ఏళ్ల కిందటి మాట. అది నిజమో కాదో చూసుకోవడానికే వచ్చాను. చైనాకు పోయి చూద్దామంటే ఇప్పుడు నన్ను రానివ్వరు. అలాంటి నేల ఇంకెక్కడుందా అని పటాలు చూస్తే మీ జిల్లాలు కనిపించాయి."

కర్నూల్లో బస్సు పొద్దున ఆరున్నరకు బయల్దేరి నంద్యాలకు పది దాటాక చేరింది. దారిలో ఓర్వకల్లు రాళ్లు, పాణ్యం కొండలు. సీటు కావాలంటే ముందుగానే పోయి తువ్వాలు వేసుకోవాలి. మా తువ్వాలు మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు, ఒళ్లో రెండు కోళ్లు. ప్రొఫెసరు గారిని చూసి లేవబోయి, మళ్లీ కూర్చుని నన్నడిగాడు.

"ఏమప్పా, దొరలంతా పోయినారని జెండా ఎగరేస్తిమి గదా. ఈయప్పని మర్సిపోయి పోయినారా?"

నేను ఇంగ్లీషులో చెప్పాను. ప్రొఫెసరు గారు నవ్వి, "లెక్కలో ఒకటి తప్పిందని చెప్పు" అన్నారు.

"తప్పితే తప్పిందిలే. ఈ కోడిని రవ్వంత పట్టుకోమను" అని పెద్దాయన ఒక కోడిని ఆయన ఒళ్లో పెట్టి జరిగి కూర్చున్నాడు. చైనా చరిత్రకారుడు నంద్యాల దాకా కోడిని పట్టుకునే వచ్చారు.

ఆయన జీవితం నాకు ఆ బస్సులోనే తెలిసింది. ఇరవై మూడేళ్ల వయసులో చైనాలో ఏదో బడిలో ఇంగ్లీషు చెప్పడానికి వెళ్లారు. భాష పట్టుబడ్డాక ఉద్యోగం వదిలేసి, పల్లె యాస కోసం ఒక దుబాసీని వెంటపెట్టుకుని, ఉత్తరాన ఎండు జిల్లాల్లో రెండేళ్లు నడిచారు. పసుపు మట్టి నేల, గాలి వీస్తే ఆకాశం కూడా పసుపే. జొన్నలే అక్కడా తిండి. కరువు వెనక కరువు. పగలు పల్లెల్లో అడిగేవారు, తర్వాత పట్నాలకు పోయి పాత రాజులనాటి ధాన్యపు కొట్ల కాగితాలు చదివేవారు. ఊళ్లలో విన్నదీ కాగితాల్లో చదివిందీ సరిపోయింది. పుస్తకం వచ్చింది, పేరు వచ్చింది, విశ్వవిద్యాలయం పిలిచి కుర్చీ వేసింది. ఆ తర్వాత యుద్ధం, ఆ తర్వాత కొత్త ప్రభుత్వం, తలుపులు మూసుకున్నాయి. ఇరవై ఏళ్లుగా ఒకప్పుడు చూసినదాని గురించే పాఠాలు చెబుతున్నారు.

"పుస్తకం కొత్త కూర్పు వేస్తామంటున్నారు. ఆ వాక్యం అలాగే ఉంచాలా, తీసేయాలా? అది తీస్తే దాని మీద కట్టినదంతా కూలుతుంది. ఉంచాలంటే నాకు నిద్ర పట్టడం లేదు" అన్నారు. కోడి ఆయన చేతి గడియారాన్ని పొడిచింది.

నంద్యాలలో హోటల్లో అన్నం తిన్నాం. భోజనం బాగుంటుంది, ఈగలు కూడా ఎక్కువే. మధ్యాహ్నం బస్సుకు కోయిలకుంట్ల. ఇరువైపులా నల్లరేగడి చేలు, కోసేసిన జొన్న మోళ్లు, నోరు తెరిచిన నెర్రెలు. కుందూ ఏట్లో నీళ్లు పాయగా పారుతున్నాయి. కోయిలకుంట్లలో ప్రయాణికుల బంగళా చిన్నదే గానీ శుభ్రంగా ఉంటుంది. ముందుగా తాలూకా కచేరీలో చెప్పి ఉంచుకోవాలి. వంటవాడు లేడు. వీధి మొదట్లో బోండాల అంగడి ఉంది, మా రెండు రోజుల పొద్దుటి తిండి అదే.

ఎడ్లబండి మాట్లాడుకుని మూడు నాలుగు పల్లెలు తిరిగాం. ప్రతి ఊళ్లోనూ ఒకటే తంతు. రచ్చ దగ్గర మంచం వేస్తారు, మజ్జిగ ఇస్తారు, ఊరంతా చేరుతుంది. ప్రొఫెసరు గారు ఎంతో మర్యాదగా అడుగుతారు. పోయిన కరువులో ఏం తిన్నారు, గంజి కేంద్రం ఎంత దూరం, ఎవరెవరు వలస పోయారు. వాటన్నిటికీ పోటీపడి జవాబులు చెప్పేవారు. చివర్న ఆయన అసలు ప్రశ్న అడిగేవారు: మంచి పంట వచ్చిన ఏడు, రాబోయే చెడ్డ ఏటికి ఏమైనా దాచుకుంటారా?

అంతే, రచ్చ చల్లబడిపోయేది.

"దాసేదానికి ఏముండాది సామీ? ఎలుకలు గూడా మా ఊరిడిసి వలస పోయినాయి" అన్నాడు ఒక ఊళ్లో పెద్దరైతు. అందరూ నవ్వారు. ఆయన కూర్చున్నది తన ఇంటి ముందు వీధిలో ఒక నాపరాతి బండ మీద. ఆ బండ చుట్టూ మట్టి అలికి ఉంది. దాని కింద ఏముందో నాకు తెలుసు, నవ్విన ప్రతి మనిషికీ తెలుసు. తెలియనిది ప్రొఫెసరు గారొక్కరికే. ఆయన కాగితం మీద "ఏమీ లేదు" అని రాసుకున్నారు.

మన సీమ పల్లెలు చూడని పాఠకులకు చెప్పాలి. పాతర అంటే జొన్నలు దాచే గొయ్యి. నోరు సన్నంగా, పొట్ట పెద్దగా, మనిషి నిలువుకు మించిన లోతున నేలలో తవ్వి, గింజలు నింపి, పైన బండ వేసి మట్టి పూస్తారు. దాని మీద పిల్లలు ఆడుకుంటారు, బండ్లు పోతాయి. కంట్రోలు రోజుల్లో, ఇంటింటికీ వచ్చి ధాన్యం కొలిచి తీసుకుపోయే కాలంలో, పాతర గురించి నోరెత్తకూడదని ఊళ్లన్నీ నేర్చుకున్నాయి. కంట్రోలు పోయినా నేర్చుకున్నది పోలేదు. పరాయి మనిషి కాగితం తీస్తే చాలు, లేదనేస్తారు.

దుబాసీ పని ఎంత సులువనుకున్నానో! వాళ్లు లేదన్నారు, నేను లేదని చెప్పాను. అక్షరం తప్పలేదు. అయినా బండెక్కినప్పుడల్లా నాలిక మీద మన్ను పడ్డట్టుండేది. నిజం చెబితే ఊరి నోరు నేను విప్పినట్టు. చెప్పకపోతే నిద్ర పట్టని ఒక పెద్దమనిషిని అబద్ధంతో జోకొట్టి నిద్రపుచ్చినట్టు.

రెండో రోజు సాయంత్రం బంగళా మెట్ల మీద కూర్చున్నాం. "మీ ఎలుకల మాట బాగుంది" అన్నారాయన. "చైనాలో కూడా ఎలుకల మీదే చెప్పి నవ్వించారు. నవ్వించి పంపించేశారు. అప్పుడు నా దుబాసీ నీ వయసువాడే, రైతు బిడ్డ. వాళ్లు లేదన్నప్పుడు అతను నేల చూసేవాడు. సిగ్గరి అనుకున్నాను. ఈ రెండు రోజులుగా నువ్వూ నేలే చూస్తున్నావు."

"మా ఇంటికి రండి సార్" అన్నాను.

కోయిలకుంట్ల నుంచి మా ఊరికి దారి రాయను. ఈ కథనం రాయడానికి మా నాయన పెట్టిన షరతు అదొక్కటే. కంట్రోలు ఎత్తేసినారు గదా నాయనా అంటే, "ఎత్తినోళ్లు మల్లా దించరా?" అన్నాడు.

మరునాడు పొద్దు గూకక ముందే చేరాం. మా అమ్మ కోడిని కోయించింది, పండగలకు దాచుకున్న బియ్యం వండింది. ఊరివాళ్లందరూ దొరను చూసిపోవడానికి వచ్చారు. నేను మా నాయనను దొడ్లోకి తీసుకుపోయి సంగతంతా చెప్పాను.

"ఆ పెద్దాయన పుస్తకంలో తప్పు పడింది నాయనా. దాన్ని దిద్దుకోవాలని ఇంత దూరం వచ్చినాడు. మన పాతర ఒక్కసారి తెరిసి చూపిస్తే చాలు."

మా నాయన వేపపుల్ల నమలడం ఆపాడు. "తొలకరి మబ్బు పట్టింది, చూసినావా? ఇప్పుడు మూత తీస్తే తేమ పడతాది. ఆరు నెల్ల తిండి బూజు పడతాది."

"రవ్వంత సేపు నాయనా..."

"అది ఒగటి. ఇంగొగటి ఉండాది. కంట్రోలు నాడు ఇట్లనే ఒగాయప్ప వచ్చి, మజ్జిగ తాగి, యాడ పెట్టినావు పెద్దాయనా అని తియ్యగా అడిగె. పక్కూర్లో ఒగడు చూపించె. మర్రోజే బండ్లు వచ్చె. ఈ దొర మంచోడే, కాదనను. ఊరూరూ లేదని చెప్పినాక మనమొక్కరమే ఉండాదంటే, వాళ్లంతా అబద్ధాలోళ్లు, మనం సత్తెవంతులమా? తెరిసేది లేదు."

"మరి ఆయన ఆ తప్పే మల్లా అచ్చేసుకోని పోతాడు నాయనా. నేనుండి గూడా."

మా నాయన చెంబు తీసుకుని కాళ్లు కడుక్కోవడానికి పోయాడు.

పొద్దున్నే ప్రొఫెసరు గారు పంచలో మంచం మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంటున్నారు. తొమ్మిది గంటలకు మా బండి. ఈ ఊళ్లో ఆయన ప్రశ్నే అడగలేదు. నన్ను ఇరకాటంలో పెట్టడం ఇష్టం లేక కాబోలు. లోపల మా అమ్మ రాత్రి మిగిలిన బియ్యం ఏరుతోంది. మా నాయన గడప దగ్గర నిలబడి అన్నాడు.

"అన్నం వద్దు. పాతర జొన్నల రొట్టె చెయ్."

పోయిన నెల మా చిన్న పాతర తెరిచారు, ఆ జొన్నలు గంపలో ఉన్నాయి. పాతర గింజకు ఒక వాసన ఉంటుంది. మక్కిన మట్టి వాసన, కొంచెం పులుపు. రొట్టె నల్లగా వస్తుంది. మేం పుట్టినప్పటి నుంచి తింటున్నాం గనక మాకు తెలియదు. పట్నం వాళ్లు ముక్కు మూసుకుంటారు.

మా అమ్మ చేట కింద పెట్టేసింది. "దొరకా? ఆ కంపు రొట్టెనా? మతి ఉండాదా నీకు? నలుగురూ నా మొగాన ఉమ్మరా?"

"ఉమ్మితే నా మొగాన ఉమ్ముతారులే. చెయ్, పొద్దెక్కుతాంది." నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "నువ్వేం చెప్పగాకు. తిననీ."

వేడి రొట్టె, చెనిక్కాయలతో నూరిన ఊరిబిండి పచ్చడి, పక్కన ఉల్లిగడ్డ. ప్రొఫెసరు గారు ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నారు. నమలడం ఆగిపోయింది. మా అమ్మ తలుపు చాటున చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన రొట్టెను ముక్కు దగ్గరికి తీసుకుని వాసన చూశారు. మళ్లీ తుంచారు, కళ్లు మూసుకుని తిన్నారు. ఏదో మాట అన్నారు. ఇంగ్లీషు కాదు, చైనా భాష.

"ఈ గింజలకు ఈ వాసన దేనివల్ల వచ్చిందో అడుగు" అన్నారు.

మా నాయన వైపు చూశాను. "మన్ను వాసనని చెప్పు" అన్నాడు. చెప్పాను.

"మన్ను" అని ఆయన తనలో తాను అనుకున్నట్టు అన్నారు. వాకిలి వైపు, వీధి వైపు చూస్తారనుకున్నాను. చూడలేదు. రొట్టెనే చూస్తూ ఉండిపోయారు.

"నా దుబాసీ నన్ను ఒకసారి వాళ్ల ఇంటికి తీసుకుపోయాడు. వాళ్లమ్మ ఇలాంటి రొట్టే పెట్టింది. జొన్నదే. ఇదే వాసన. అతను నా మొహం వైపే చూస్తూ కూర్చున్నాడు. పేదరికం వల్ల చెడిపోయిన గింజలు తింటున్నారని రాశాను. నాలుగో అధ్యాయంలో ఉంది."

"ఉంది సార్. చదివాను."

"వాళ్లు చెప్పారన్నమాట. నోటితో చెప్పలేనిది నా నోట్లో పెట్టి చెప్పారు. నేను జాలిపడి వచ్చేశాను."

"ఏమంటాడు?" అన్నాడు మా నాయన.

"చైనాలో గూడా ఇదే పెట్టినారంట నాయనా."

"పెట్టరా మరి? ఇంటికొచ్చినోడికి." అని మా నాయన ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. తువ్వాలు విదిలించి భుజాన వేసుకున్నాడు. "దొరకి ఒగ కత చెప్తా, మార్చి చెప్పు. యాడో ఒగ ఊరు. మనూరు గాదు. ఆడ ఒగ రైతు ఉండె అనుకో."

నేను ఇంగ్లీషులో చెప్పాను. ప్రొఫెసరు గారు కాగితం తీయబోయి, మా నాయన కళ్లు చూసి మానేసి, చేతులు కట్టుకుని విన్నారు.

ఎంత బాగా చెప్పాడనుకున్నారు ఆ కథ! ఆ రైతు మెరక చూసి గట్టి నేలలో గొయ్యి తవ్విస్తాడు. లోపల చొప్ప మండించి గోడ కాలుస్తాడు. అడుగునా చుట్టూ గడ్డి పేర్చి గింజ పోస్తాడు. బాగా మూస్తే నాలుగేండ్లయినా పురుగు పట్టదు. తెరిచిన రోజు లోపల విషపు గాలి ఉంటుంది. వెంటనే దిగినవాడు పైకి రాడు. ఒక పూట నోరు తెరిచి పెట్టి, దీపం తాడు కట్టి దించుతాడు. దీపం నిలబడితే మనిషి దిగుతాడు.

"తెరిసిన పొద్దు ముందు ఇంటికి రావు జొన్నలు" అన్నాడు మా నాయన. "ఆ గొయ్యి తవ్వేదానికి చెయ్యి పట్టినోళ్ల ఇండ్లకి సేటెడు సేటెడు పోవల్ల. ఆ ఇండ్లకి పోయినాకనే మనకి. అంటే... ఆ రైతుకి."

"అయితే ఎక్కడుందో ఊరందరికీ తెలుసన్నమాట" అన్నారు ప్రొఫెసరు గారు.

"తెలీకేం. తెలుసు గాబట్టే ఎవురూ చెప్పరు. అందరి నోట్లోనూ ఆ జొన్నలుండాయి గదా."

కథ అయిపోయింది. ప్రొఫెసరు గారు లేచి రెండు చేతులూ జోడించి మా నాయనకు నమస్కారం చేశారు. మా అమ్మ వైపు తిరిగి ఇంకో రొట్టె కావాలని సైగ చేశారు. మా అమ్మ సంతోషం చూడాలి! బి.ఏ. పాసయ్యానన్నప్పుడు కూడా అంత లేదు.

కోయిలకుంట్ల నుంచి జమ్మలమడుగు బస్సు మధ్యాహ్నం దొరికింది. ఆ బస్సు దారిలో రెండు చోట్ల ఆగి నీళ్లు తాగింది, మేమూ తాగాం. ఎండు పెన్న దాటాం. రాత్రికి ప్రొద్దుటూరులో సత్రం. బంగారం అంగళ్లు, నూలు వ్యాపారం, మంచి దోసెలు. పొద్దున కడప బస్సులో దర్గాకు పోయే ఒక ముస్లిం పెద్దాయన మా పక్కన కూర్చుని, "దొరా సాబ్ యాడికి?" అనడిగాడు. ఉపన్యాసానికని చెప్పాను. "నసీహతు, అదే బుద్ధిమాటలు, చెప్పేదానికి ఇంత దూరం వచ్చినాడా! మా ఇంట్లో నా బీబీ కూకున్న చోటనే చెప్తాది" అన్నాడు. ప్రొఫెసరు గారు ఆ మాట రెండుసార్లు చెప్పించుకుని నవ్వారు. ఆ తర్వాత కడప దాకా కిటికీ బయటికే చూస్తూ కూర్చున్నారు. నాపరాళ్ల గుట్టలు వస్తున్నాయి, పోతున్నాయి.

సభ సాయంత్రం ఐదింటికి. హాలు నిండిపోయింది. కాలేజీ విద్యార్థులు, వకీళ్లు, ఉద్యోగస్తులు. అధ్యక్షుడు ఆ పుస్తకాన్ని మెచ్చుకుంటూ నాకు కంఠతా వచ్చిన వాక్యాన్నే చదివి వినిపించారు. మన జిల్లాలను చూసి రాసినట్టుందని కూడా అన్నారు. చప్పట్లు.

ప్రొఫెసరు గారు లేచారు. నేను పక్కన నిలబడ్డాను.

"ఇప్పుడు చదివిన వాక్యం తప్పు" అన్నారాయన. "రాసింది నేనే. తప్పని చెప్పే బాధ్యత కూడా నాదే. ఎండు భూముల రైతు దాస్తాడు. దొరల నుంచి, రాజుల నుంచి, నాలాంటి పండితుల నుంచి కూడా దాస్తాడు. సర్కారు కొట్టు గురించి కాగితాలున్నాయి గనక అదే చరిత్ర అనుకున్నాను. రైతు కొట్టుకు కాగితం ఉండదు."

మాట మాటా తెలుగులో చెప్పాను. ముందు వరసలో చప్పట్లు లేవు. వెనక వరసల్లో, పల్లెల నుంచి వచ్చిన పిల్లలు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అప్పుడు లేచాడు ఒకాయన. తలపాగా, బంగారు గొలుసు గడియారం. కంట్రోలు రోజుల్లో సరఫరాల ఉద్యోగం చేశానని చెప్పుకున్నాడు. "ఎన్నో ఊళ్లు తిరిగి అడిగాం. ఒక్కడు కూడా ఉందనలేదు. తమరు నాలుగు రోజుల్లో కనిపెట్టారంటే ఆశ్చర్యంగా ఉంది. ఏ ఊళ్లో చూశారో సెలవిస్తే సంతోషిస్తాం."

ఈ ప్రశ్నను ఇంగ్లీషులోకి మార్చాలి. మా నాయన మొహం, పక్కూరికి వచ్చిన బండ్లు కళ్ల ముందు ఆడాయి. పండితుడికి ఋజువు ప్రాణం కదా. ఋజువు లేకుండా ముప్పై ఏళ్ల పేరును వదులుకుంటే నలుగురూ నవ్వరూ? ఊరు పేరు ఒక్కటి చెబితే ఆయన మాట నిలబడుతుంది. చెప్పకపోతే ముసలితనంలో మతి చలించిందంటారు. మార్చకుండా ఉండలేను. మాట మాటా మార్చాను.

ఆయన నా వైపు చూడలేదు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఈ జిల్లాల్లో నేను కళ్లతో ఒక్క పాతర కూడా చూడలేదు. అడిగిన ఊరల్లా లేదనే చెప్పింది, నేనూ అలాగే రాసుకున్నాను" అన్నారు. "ముప్పై ఏళ్ల కిందట చైనాలో ఒక రొట్టె తిన్నాను. అది అరగడానికి ఇన్నాళ్లు పట్టింది."

హాలంతా నవ్వింది. తలపాగా ఆయన కూడా నవ్వి కూర్చున్నాడు. అధ్యక్షుడు మాత్రం వందన సమర్పణలో ఆయన పుస్తకం ఊసెత్తలేదు. ఒక లెక్చరరు నా చెవి దగ్గర, "పాపం, ఆధారం లేకుండా ఎందుకు చెప్పినట్టు?" అన్నాడు. నేను నేల చూశాను.

మద్రాసు మెయిలు కడప స్టేషనులో ఆట్టే సేపు ఆగదు. పెట్టె చేతిలో ఉంచుకుని ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉండండి. ప్రొఫెసరు గారు కిటికీ దగ్గర కూర్చున్నారు.

"సార్, కొత్త కూర్పు?" అన్నాను.

"కూర్పు కాదు. మొదటి పేజీ నుంచి మళ్లీ రాయాలి. నాలుగేళ్లు పడుతుంది, అన్నేళ్లు నాకు ఇస్తే. ఎవరో ఒకాయన చెప్పిన కథ అందులో కథగానే ఉంటుంది. నవ్వేవాళ్లు నవ్వుతారు." బండి కదిలింది. "నేను కూడా ఈ వయసులో పరీక్షకు కూర్చున్నాననుకో" అన్నారు. మొహం ఫలితాలు చూసుకున్న కుర్రాడి మొహంలా ఉంది.

తిరుగు ప్రయాణం నేనొక్కణ్నే. అవే బస్సులు, అవే ఊళ్లు. జమ్మలమడుగు దాటాక చినుకులు పడ్డాయి. బస్సు పై కప్పు కారింది, ఎవరూ తిట్టలేదు. అందరూ చేతులు బయటికి చాపారు. పుస్తకంలో అచ్చయిన మాటకు ఎదురు ఉండదనుకుని నేను చదువుకున్నాను. రాసిన మనిషే దాన్ని కొట్టేయడం, కొట్టేసినందుకు ఋజువు చూపే వీలుండి కూడా చూపకుండా పోవడం చూశాను. ఇంత చదువు కాలేజీలో నాకెవరూ చెప్పలేదు.

కోయిలకుంట్ల బస్టాండులో మా నాయన బండి కట్టుకుని వచ్చి ఉన్నాడు. ఎప్పుడూ రాడు. నేనెక్కి కూర్చున్నాక కాసేపు ఎద్దుల వైపే చూస్తూ తోలాడు.

"అడిగినారా?" అన్నాడు.

"అడిగినారు. సరఫరాలాయనే అడిగె, యా ఊర్లో చూసినావని."

బండి ఆగినంత పని అయ్యింది. "ఏం చెప్పినాడు?"

"యాడా చూడలేదన్నాడు. చైనాలో రొట్టె తిన్నానన్నాడు. అందరూ నవ్విరి నాయనా ఆయన్ని చూసి. ఆయన గమ్మున కూకునె."

వానకు తడిసిన నల్ల నేల వాసన వస్తోంది. చాలా దూరం పోయాక మా నాయన అడిగాడు.

"ఆ చైనా రైతులు... అన్నేండ్లు ఎవురికీ చెప్పకుండానే ఉండిరా?"

"ఉండిరంట."

"ఇంటికొచ్చినోడికి రొట్టె మాత్రం పెట్టిరి."

"పెట్టిరి."

"మనోళ్లే రా" అని ఎద్దులను అదిలించాడు.